సభ లోపల సభ: అమెరికా నల్లజాతి పాడ్‌కాస్టర్లు తమవాళ్లను వెతుక్కునే తీరు

అమెరికా నల్లజాతివాళ్లలో ఒక అలవాటు ఉంది. చుట్టూ తెల్లవాళ్లే ఉన్న చోట ఇద్దరు నల్లవాళ్లు ఎదురుపడితే, ముక్కూమొహం తెలియకపోయినా, ఒకరినొకరు చూసి తల కాస్త ఆడిస్తారు. ఆగరు, మాట్లాడరు, చెయ్యి కలపరు. 'నువ్వూ ఉన్నావా, నేనూ ఉన్నాను' అన్నంత మాట ఆ తల ఊపులోనే అయిపోతుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ది నాడ్'. 2017లో బ్రిటనీ లూస్, ఎరిక్ ఎడింగ్స్ అనే ఇద్దరు మిత్రులు తమ కొత్త పాడ్‌కాస్ట్‌కు, అంటే ఇంటర్నెట్‌లో వినే మాటల కార్యక్రమానికి, ఆ పేరే పెట్టారు. ఆ షో సంగతికి తర్వాత వస్తాను. ఆ తల ఊపు దగ్గరే మొదలుపెట్టడానికి కారణం, ఈ వ్యాసంలో చెప్పబోయే సంఘాలు, ఉత్సవాలు అన్నీ అక్కడే పుట్టాయి.

పాడ్‌కాస్ట్ సదస్సులు ఎలా ఉంటాయో చూడనివాళ్ల కోసం రెండు మాటలు. పెద్ద హోటలు. మెడలో పేరు రాసిన బ్యాడ్జీ. కింది హాల్లో మైకులు, సాఫ్ట్‌వేర్లు అమ్మే కంపెనీల స్టాళ్లు. పై గదుల్లో గంటకో చర్చ: శ్రోతలను ఎలా పెంచుకోవాలి, యాడ్లు ఎలా తెచ్చుకోవాలి, కథ ఎలా చెప్పాలి. అమెరికాలో ఇలాంటి వాటిలో పెద్దది పాడ్‌కాస్ట్ మూవ్‌మెంట్. 2014లో డల్లాస్‌లో, జనం దగ్గర ఆన్‌లైన్‌లో పోగేసిన చందాలతో మొదలైంది. అంతకు చాలా ముందే, 2000లో షికాగోలో పుట్టిన థర్డ్ కోస్ట్ అనేది రేడియో డాక్యుమెంటరీలు చేసేవాళ్ల పండగ.

తానా సభలకో, ఆటా సభలకో వెళ్లొచ్చిన మనవాళ్లకు ఒక సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వేదిక మీద ఉపన్యాసం ఒకటి నడుస్తుంటుంది, అసలు పనులు భోజనాల దగ్గరా లాబీలోనూ జరుగుతుంటాయి. ఫలానా కంపెనీలో ఖాళీలున్నాయనీ, ఫలానావాళ్లతో వ్యాపారం జాగ్రత్త అనీ, ఫలానా లాయరు మంచివాడనీ తెలిసేది అక్కడే. పాడ్‌కాస్ట్ సదస్సులూ అంతే. వేదిక మీద చెప్పింది రేపు వీడియోలో చూసుకోవచ్చు. కాఫీ టేబులు దగ్గర చెప్పుకున్నది వీడియోలో దొరకదు. ఆ టేబులు దగ్గరికి ఎవరు పిలుస్తారు, ఎవరిని పిలుస్తారు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

అందుకే నల్లజాతి పాడ్‌కాస్టర్లు సదస్సుల్లో తమవాళ్లను వెతుక్కుని వేరుగా కూర్చుంటారు. దీనికి ఎదురుగా ఒక వాదన ఎప్పుడూ వినిపిస్తుంది. పాడ్‌కాస్ట్ అందరిదీ కదా, మైకు కొనుక్కుని ఎవరైనా మొదలుపెట్టొచ్చు కదా, రంగును బట్టి వేరే గుంపులెందుకు అని. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఇందులో సగమే నిజం, మిగతా సగం ఎక్కడ తప్పిందో విప్పి చూడాలి.

తలుపు తెరిచి ఉందన్నది నిజం. రేడియో స్టేషన్ పెట్టాలంటే అమెరికాలో ప్రభుత్వ లైసెన్సు కావాలి, టవరు కావాలి, లక్షల డాలర్లు కావాలి. పాడ్‌కాస్ట్‌కు ఇవేవీ అక్కర్లేదు. రికార్డు చేసిన ఫైలును ఇంటర్నెట్‌లో ఒక ఫీడ్‌కు ఎక్కిస్తే చాలు, ఏ యాప్‌లోనైనా జనం వినొచ్చు. అందుకే నల్లజాతివాళ్లు ఈ రంగంలోకి ముందే వచ్చారు. నార్త్ కరొలినాలోని షార్లెట్‌లో రాడ్, కరెన్ మారో అనే భార్యాభర్తలు 2010 నుంచి 'ది బ్లాక్ గై హూ టిప్స్' నడుపుతున్నారు. అదే ఏడాది న్యూయార్క్‌లో రెజీ ఒసే 'ది కాంబాట్ జాక్ షో' మొదలుపెట్టాడు. హిప్‌హాప్ కళాకారుల కాంట్రాక్టులు చూసిన లాయరు ఆయన, బ్రూక్లిన్‌లో పెరిగిన హైతీ కుటుంబపు బిడ్డ. 2013లో ఒసే భాగస్వామిగా వచ్చిన లౌడ్ స్పీకర్స్ నెట్‌వర్క్‌లోనే కిడ్ ఫ్యూరీ, క్రిసెల్ వెస్ట్‌ల 'ది రీడ్' పుట్టింది. సెలూన్‌లో పక్క కుర్చీ కబుర్లలా సాగే ఆ షోకు లక్షలాది శ్రోతలు కట్టుబడిపోయారు.

ఇదంతా 2014కు ముందు మాట. ఆ ఏడాది అక్టోబరులో 'సీరియల్' అనే నేరపరిశోధన షో సంచలనం అయ్యాక పెద్ద పత్రికలు పాడ్‌కాస్టింగ్ యుగం మొదలైందని రాశాయి. నాలుగేళ్లుగా వారం తప్పకుండా ఎపిసోడ్లు వేస్తున్నవాళ్లకు ఆ మాట ఎలా తోచి ఉంటుందో ఊహించండి. 'నల్లజాతి పాడ్‌కాస్టులు ఎక్కడున్నాయి?' అని ఆ కథనాలు అమాయకంగా అడిగేవి. జవాబుగా బెర్రీ అనే ఒక శ్రోత 'పాడ్‌కాస్ట్స్ ఇన్ కలర్' పేరుతో తనే ఒక జాబితా కూర్చడం మొదలుపెట్టింది. ఏ కంపెనీ అడగలేదు. వినేవాళ్లకు, చేసేవాళ్లకు ఒకరి చిరునామా ఒకరికి దొరకాలని చేసిన పని. చాలామంది నల్లజాతి పాడ్‌కాస్టర్లకు మొదటి 'సభ' ఆ జాబితా, దాని చుట్టూ ట్విట్టర్‌లో నడిచిన కబుర్లే.

మరి తలుపు తెరిచే ఉంటే గోడ ఎక్కడుంది? డబ్బు దగ్గర.

పాడ్‌కాస్ట్ యాడ్లకు అమెరికాలో లెక్క ఇలా ఉంటుంది: వెయ్యి డౌన్‌లోడ్లకు ఇంత అని రేటు. ఒక నిమిషం యాడ్‌కు 20 నుంచి 25 డాలర్లు మామూలుగా వినిపించే అంకె. ఉదాహరణకు ఒక షోకు ఎపిసోడ్‌కు 10,000 డౌన్‌లోడ్లు వస్తున్నాయనుకుందాం. 25 డాలర్ల లెక్కన ఒక యాడ్‌కు 250 డాలర్లు. ఎపిసోడ్‌కు రెండు యాడ్లు, నెలకు నాలుగు ఎపిసోడ్లు అయితే 2,000 డాలర్లు. అదే షో నడిపే మనిషికి మార్కెట్ రేటు తెలియక 15 డాలర్లకు ఒప్పుకుంటే నెలకు 1,200. నెలనెలా 800 డాలర్లు, ఏడాదికి 9,600 డాలర్లు పోయాయి. ఆ మనిషి గొంతులో లోపం లేదు, శ్రోతల్లో లోపం లేదు. 'ఎంత తీసుకుంటారు?' అని యాడ్ కంపెనీ అడిగిన రోజు, ఫోన్ చేసి కనుక్కోవడానికి తెలిసినవాళ్లు లేకపోయారు, అంతే.

ఈ రేట్లు ఏ బోర్డు మీదా రాసి ఉండవు. నోటిమాటగా నడుస్తాయి, నమ్మకం ఉన్నచోట మాత్రమే నడుస్తాయి. 'నాకు ఇంత ఇచ్చారు' అని ముక్కూమొహం తెలియనివాళ్లకు ఎవరూ చెప్పరు. కాలేజీలో కలిసి చదివినవాళ్లు, పబ్లిక్ రేడియోలో కలిసి పనిచేసినవాళ్లు చెప్పుకుంటారు. ఆ కాలేజీల్లో, ఆ రేడియో ఆఫీసుల్లో నల్లవాళ్లు తక్కువైనప్పుడు ఈ మాట వాళ్ల దాకా రాదు. ఎవరూ కావాలని దాచక్కర్లేదు, దానంతటదే రాదు. నల్లజాతి పాడ్‌కాస్టర్లు సదస్సుల్లో తమవాళ్లను వెతుక్కోవడానికి మొదటి కారణం ఇదేనని నా అభిప్రాయం. దాన్ని ఓదార్పు కోసం గుమిగూడడంగా చూసేవాళ్లు సగమే చూస్తున్నారు.

పైగా ఇక్కడ పాత గాయం ఒకటుంది. అమెరికా రేడియోలో యాడ్ ఏజెన్సీలు కొన్ని, నల్లజాతి శ్రోతలున్న స్టేషన్లకు, స్పానిష్ స్టేషన్లకు తమ యాడ్లు వేయొద్దని షరతు పెట్టేవి. శ్రోతలు ఎంతమంది ఉన్నా సరే వద్దనడమే. ఇది ఎంత పాతుకుపోయిందంటే, యాడ్ కాంట్రాక్టుల్లో ఇలాంటి వివక్ష కూడదని అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ 2007లో ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. ఆ చరిత్ర తెలిసిన కుటుంబాల నుంచి వచ్చిన పాడ్‌కాస్టరు 'నీ షో శ్రోతలు మాకు సరిపోరు' అనే మాట విన్నప్పుడు, అది వ్యాపార లెక్కా, పాత లెక్కా అని పక్కవాళ్లను అడిగి తేల్చుకోవాలి. ఒంటరిగా ఉంటే తేలదు. ఐదుగురు కూర్చుని తమతమ అనుభవాలు బల్ల మీద పెడితే తేలుతుంది.

రెండో కారణం గొంతు.

చెంజరాయ్ కుమన్యిక హిప్‌హాప్ కళాకారుడు, అధ్యాపకుడు. రేడియో పని నేర్చుకుంటూ తను రాసుకున్న స్క్రిప్టును ఒకసారి పైకి చదువుకుంటున్నాడు. చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. తన వాక్యాలను తన మనసులో చదువుతున్నది వేరే ఎవరిదో గొంతు. పేరున్న తెల్లజాతి హోస్టుల స్వరం చెవిలో మోగుతోంది, తను తెలియకుండానే దాన్ని అనుకరిస్తున్నాడు. 2015 జనవరిలో ఆయన ఈ సంగతి వ్యాసంగా రాశాడు, జాతీయ రేడియోలో చదివాడు. దేశమంతటి నుంచి రేడియోవాళ్లు, శ్రోతలు తమ గొంతుల కథలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఎవరో ఎడిటరు 'ఇంకాస్త సహజంగా చదువు' అంటారు. 'సహజంగా' అంటే తెల్లవాళ్లలాగా అని అర్థం, కానీ ఆ మాట పైకి అనరు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. తెలంగాణ యాసను విలన్లకూ హాస్యగాళ్లకూ మాత్రమే ఇచ్చిన సినిమాలు చూస్తూ పెరిగినవాళ్లకు, ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెట్టే ముందు ఇంటి మాటను గుమ్మం బయట విడిచినవాళ్లకు కుమన్యిక చెప్పింది వెంటనే తెలుస్తుంది. పొద్దుట నుంచి సాయంత్రం దాకా మాట మార్చి మాట్లాడడం ఒంటికి బరువు. సదస్సు మూడు రోజులూ ఆ బరువు మోస్తూ తిరిగే మనిషికి, ఏదో ఒక గదిలో దాన్ని దించుకుని గంటసేపు మామూలుగా మాట్లాడే వీలు దొరికితే, అప్పుడు అసలు ప్రశ్నలు నోటికొస్తాయి. తెలియదని చెప్పడానికి సిగ్గుపడని చోటే మనిషి నేర్చుకుంటాడు. తెల్లవాళ్ల మధ్య 'నాకు తెలియదు' అన్నప్పుడు అది తన ఒక్కడి అజ్ఞానంగా కాక జాతి మొత్తం మీద మచ్చగా పడుతుందన్న భయం ఉంటుంది. తనవాళ్ల మధ్య అది ప్రశ్న మాత్రమే.

వేరే గదులు కొత్తవి అనుకునేవాళ్లు రేడియో చరిత్ర కాస్త చూడాలి. ఈ భాగం దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇవాళ్టి పాడ్‌కాస్టర్లు నడుస్తున్న బాట అప్పుడు పడిందే.

1948లో మెంఫిస్‌లోని డబ్ల్యూడీఐఏ స్టేషన్ నాట్ డి. విలియమ్స్ అనే నల్లజాతి బడిపంతులుకు మైకు ఇచ్చింది. కొద్ది నెలల్లోనే తన కార్యక్రమాలన్నీ నల్లజాతి శ్రోతల కోసమే మార్చేసింది. యజమానులు మాత్రం తెల్లవాళ్లే. 1949లో అట్లాంటాలో జెస్సీ బ్లేటన్ అనే అకౌంటెంటు డబ్ల్యూఈఆర్‌డీ స్టేషన్ కొన్నాడు. దేశంలో నల్లజాతి యజమాని చేతికొచ్చిన మొదటి రేడియో స్టేషన్ అది. ఆబర్న్ వీధిలో ఆ స్టేషన్ ఉన్న భవనంలోనే కింద మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలోని సంస్థ కార్యాలయం ఉండేది. కింగ్ ఏదైనా ప్రకటించాలనుకుంటే చీపురు కర్రతో పైకప్పు మీద తట్టేవాడనీ, పైనుంచి కిటికీలోంచి మైకు కిందికి దింపేవాళ్లనీ ఆ ఊళ్లో చెప్పుకుంటారు.

బర్మింగ్‌హామ్ కథ ఇంకా చిత్రం. 1963 మేలో స్కూలు పిల్లలు వేలాదిగా వీధుల్లోకి వచ్చి వర్ణవివక్షకు వ్యతిరేకంగా ఊరేగారు, జైళ్లు నిండిపోయాయి. ఎప్పుడు ఎక్కడ చేరాలో పిల్లలకు చేరవేసింది రేడియో. షెల్లీ స్టూవర్ట్ అనే డీజే పాటల మధ్యలో, పార్కులో పార్టీ ఉంది, టూత్‌బ్రష్‌లు తెచ్చుకోండి అని చెప్పాడు. పోలీసులు విన్నా అదేదో వేళాకోళం అనుకునే మాట. పిల్లలకు మాత్రం అర్థమైంది: రాత్రికి ఇంటికి రాము, జైల్లో పడుకుంటాం. ఒకే మాట ఇద్దరు వింటారు, ఒకరికే అర్థమవుతుంది. సముదాయం అంటే ఏమిటో దీనికన్నా దగ్గరగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు.

ఆ డీజేలు ఒక్కొక్క ఊళ్లో ఒక్కొక్కరుగా ఉండేవాళ్లు. జీతాలు తక్కువ, స్టేషన్ తెల్ల యజమానిది, తీసేస్తే దిక్కులేదు. 1950ల మధ్యలో కొందరు కలిసి సంఘం పెట్టుకున్నారు. తర్వాత అది నాట్రా అన్న పేరుతో నల్లజాతి రేడియో, టీవీ అనౌన్సర్ల సంఘంగా పెరిగింది. ఏడాదికోసారి ఏదో ఒక ఊళ్లో కలిసేవాళ్లు: ఎవరి జీతం ఎంత, ఏ రికార్డు కంపెనీ మాట నిలబెట్టుకుంటుంది, ఏ స్టేషన్లో ఖాళీ ఉంది. 1967 ఆగస్టులో అట్లాంటాలో జరిగిన నాట్రా సభకు కింగ్ వచ్చాడు. నల్లజాతి జనంలో రేడియో అనౌన్సర్ల ప్రభావం ఎంతటిదో చెప్పి, ఉద్యమానికి దారి వేసింది మీరేనని వాళ్ల ముందు నిలబడి అన్నాడు. ఊరూరా ఒంటరిగా మైకు ముందు కూర్చునేవాళ్లు ఒకేచోట కూర్చుని ఆ మాట వినడం వాళ్లకు ఎలా అనిపించి ఉంటుందో!

డబ్ల్యూఈఆర్‌డీలో తొలిరోజుల్లో వినిపించిన గొంతు జాక్ గిబ్సన్‌ది. ఆ సంఘం పెట్టినవాళ్లలో ఆయనొకడు. జాక్ ద రాపర్‌గా పేరుపడ్డ ఆయన 1977 నుంచి 'ఫ్యామిలీ అఫైర్' పేరుతో ఏటా సభలు నడిపాడు, కుటుంబ వేడుక అన్నట్టు. 1990ల తొలినాళ్లకు ర్యాప్ కంపెనీల ప్రచార హోరు, గొడవలు ఎక్కువై, పాత రేడియోవాళ్ల కుటుంబ వేడుక అన్న రూపు చెదిరింది. మరోవైపు పత్రికలవాళ్లు 1975 డిసెంబరులో వాషింగ్టన్‌లో 44 మందితో నల్లజాతి జర్నలిస్టుల జాతీయ సంఘం పెట్టుకున్నారు. అది ఇప్పటికీ ఏటా పెద్ద మహాసభ జరుపుతోంది.

ఇప్పుడు మళ్లీ 'ది నాడ్' దగ్గరికి. బ్రిటనీ లూస్, ఎరిక్ ఎడింగ్స్ 2014లో సొంతంగా 'ఫర్ కలర్డ్ నెర్డ్స్' అనే షో మొదలుపెట్టారు. ఆదరణ వచ్చింది. తర్వాత గిమ్లెట్ అనే బ్రూక్లిన్ కంపెనీలో చేరి, అక్కడ 'ది నాడ్' చేశారు. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై ఆ కంపెనీని సుమారు 23 కోట్ల డాలర్లకు కొన్నది. తాము తయారుచేసిన షో మీద హక్కు తమ చేతిలో లేదని ఇద్దరూ 2020లో బయటికే చెప్పారు. 2021లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు పాత పేరు, 'ఫర్ కలర్డ్ నెర్డ్స్', తీసుకున్నారు. అది వాళ్లదే కాబట్టి వెనక్కి వెళ్లడానికి ఒక ఇల్లు మిగిలింది.

కాంట్రాక్టులో ఇది ఒకటి రెండు వాక్యాల సంగతి. షో పేరు ఎవరిది, ఫీడ్ ఎవరిది, పాత ఎపిసోడ్లు ఎవరివి, రేపు సినిమాగా తీస్తే డబ్బెవరిది. ఫీడ్ అంటే శ్రోతలు చందాదారులుగా చేరిన గొట్టం లాంటిది. అది కంపెనీ పేరున ఉంటే, హోస్టు బయటికి వచ్చిన రోజున లక్షమంది శ్రోతలూ లోపలే ఉండిపోతారు. మొదటిసారి కాంట్రాక్టు చేతిలో పట్టుకున్న మనిషి సంతోషంలో జీతం అంకె చూస్తాడు, ఆ వాక్యాలు చూడడు. ముందు దెబ్బతిన్నవాళ్లు చెప్పాలి. రెజీ ఒసే లాంటి లాయరు ఈ రంగంలో తొలి పెద్దమనిషి కావడం ఊరికే జరిగిందని నేను అనుకోను. హిప్‌హాప్‌లో కళాకారులు సంతకాలు పెట్టి ఏం పోగొట్టుకున్నారో దగ్గరగా చూసినవాడు ఆయన. 2017 డిసెంబరులో క్యాన్సర్‌తో పోయాడు, యాభై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు.

గిమ్లెట్ కథలో మన తెలుగువాళ్లు తప్పక చదవాల్సిన పేజీ ఒకటుంది. 2021 ఫిబ్రవరిలో ఆ కంపెనీ పేరుమోసిన షో 'రిప్లై ఆల్', ఒక వంటల పత్రికలో రంగును బట్టి ఉద్యోగులను ఎలా చూశారో వరుస ఎపిసోడ్లు మొదలుపెట్టింది. రెండు వచ్చాక ఎరిక్ ఎడింగ్స్ ముందుకొచ్చి, ఇదే కంపెనీలో ఇదే జరిగిందని రాశాడు. 2019లో ఉద్యోగులు యూనియన్ పెట్టుకున్నప్పుడు, ముఖ్యంగా నల్లజాతి, ఇతర వర్ణాల యువ ఉద్యోగులు దాన్ని ముందుండి నడిపినప్పుడు, ఆ షో పెద్దలు వాళ్ల పక్షాన నిలబడలేదని అన్నాడు. ఆ ఎపిసోడ్లు చేసిన శ్రుతి పిన్నమనేని బహిరంగంగా క్షమాపణ చెప్పి షో నుంచి తప్పుకుంది, సహ హోస్టు కూడా తప్పుకున్నాడు. వరుస అక్కడితో ఆగిపోయింది.

పిన్నమనేని అన్న ఇంటిపేరు చూస్తే మనకు చప్పున తెలుస్తుంది. ఆమెను వేలెత్తి చూపడానికి ఈ మాట ఎత్తలేదు. తన పొరపాటు తనే ఒప్పుకుంది, అలా ఒప్పుకునేవాళ్లు తక్కువ. నేను చెప్పదలచింది వేరు. అమెరికాలో తెల్లవాళ్లు కాని అందరినీ కలిపి ఒకే మాటతో పిలుస్తారు, 'వర్ణ ప్రజలు' అన్నట్టు. ఆ మాట కింద మనమూ ఉన్నాం, నల్లవాళ్లూ ఉన్నారు. కానీ ఒకే గొడుగు కింద ఉన్నంత మాత్రాన వాన అందరి మీదా ఒకేలా పడదు. మంచి చదువు, వీసా, ఉద్యోగంతో వెళ్లిన మనవాళ్లకు తెరుచుకున్న తలుపులు, తరతరాలుగా అక్కడే ఉన్న నల్లవాళ్లకు తెరుచుకోలేదు. అందుకే వాళ్లు కొన్నిసార్లు అందరినీ కలుపుకున్న గది కాకుండా తమ గది అడుగుతారు. అలా అడగడాన్ని మనం నొచ్చుకోకుండా వినాలి.

'వేరే ఎందుకు' అన్న ప్రశ్న మన దగ్గరా విన్నదే. 1990లలో దళిత కవులు, ముస్లింవాద రచయితలు వేరుగా సంకలనాలు తెచ్చినప్పుడు, సాహిత్యానికి కులమేమిటి, మతమేమిటి అని అడిగినవాళ్లున్నారు. ఆ సంకలనాలు తెలుగు సాహిత్యాన్ని చీల్చలేదు, పెద్దది చేశాయి.

2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి చనిపోయాక, నల్లవాళ్లకు చోటిస్తామని ఆడియో కంపెనీలన్నీ ఒక్కసారిగా మాట ఇచ్చాయి. లండన్‌లో రెనే రిచర్డ్‌సన్ అనే నల్లజాతి నిర్మాత ఆ జూన్‌లోనే ఒక ఒప్పందపత్రం రాసి కంపెనీల ముందు పెట్టింది, వందకు పైగా సంస్థలు సంతకాలు చేశాయి. జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు వద్దని, కంపెనీలో ఎవరు ఏ హోదాలో ఉన్నారో దాచొద్దని అందులో రాశారు. సదస్సుల గురించి కూడా నేరుగా ఒక షరతు ఉంది: ఆ ఊరినీ ఆ రంగాన్నీ ప్రతిబింబించని ప్యానెల్‌లో కూర్చోం. ప్యానెల్‌కు పిలుపు వస్తే 'ఇంకెవరెవరు వస్తున్నారు?' అని అడగాలన్నమాట. చిన్న ప్రశ్నే, కానీ అందరూ అడిగితే నిర్వాహకులు ముందే ఆలోచిస్తారు.

ఆ ఉత్సాహం ఎక్కువ కాలం నిలవలేదు. 2023 మార్చిలో అమెరికా జాతీయ పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ తన సిబ్బందిలో పదో వంతు మందిని తీసేసింది. రోడ్నీ కార్మైకల్, సిడ్నీ మాడెన్ అనే నల్లజాతి హోస్టులు నడిపిన హిప్‌హాప్ షో 'లౌడర్ దేన్ ఎ రయట్' ఆగిపోయింది. ఆ జూన్‌లో స్పాటిఫై పాడ్‌కాస్ట్ విభాగంలో సుమారు 200 మందిని తొలగించింది. కంపెనీ ఇచ్చిన గది కంపెనీయే తీసుకుపోతుంది. తాము పెట్టుకున్న గది మాత్రం మిగులుతుంది.

అలా పెట్టుకున్నవాటిలో నాకు ముఖ్యంగా తోచేది ఆఫ్రోస్ అండ్ ఆడియో. 2018లో తాలిబ్ జసీర్ మొదలుపెట్టాడు. నల్లజాతి పాడ్‌కాస్టర్ల కోసం నల్లజాతి పాడ్‌కాస్టర్లు నడిపే ఉత్సవం. కోరీ గంబ్స్ పెట్టిన బ్లాక్ పాడ్‌కాస్టర్స్ అసోసియేషన్ ఏడాది పొడవునా ఆన్‌లైన్‌లో అదే పని చేస్తోంది. ఇక 2023 ఏప్రిల్‌లో అట్లాంటాలో బ్లాక్ ఎఫెక్ట్ పాడ్‌కాస్ట్ ఉత్సవం మొదలైంది. షార్లమేన్ ద గాడ్ అనే రేడియో హోస్టు పెట్టిన ఆ నెట్‌వర్క్ వెనుక ఐహార్ట్ అనే పెద్ద రేడియో కంపెనీ ఉంది. ఇది శ్రోతల జాతర: స్టేజీ మీద ప్రత్యక్షంగా షోలు, వేల మంది జనం. ఆఫ్రోస్ అండ్ ఆడియో పనివాళ్ల సభ, బ్లాక్ ఎఫెక్ట్ పండగ. రెండూ కావాలి. కానీ పండగను చూసి పనివాళ్ల సభ అక్కర్లేదనుకోవడం పొరపాటు. జాక్ ద రాపర్ సభల గతి గుర్తుంటే ఈ తేడా ఎందుకు పట్టుకోవాలో తెలుస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. పెద్ద సదస్సుకు టికెట్, విమానం, మూడు రాత్రుల హోటలు కలిపితే చిన్న షో ఏడాదంతా సంపాదించేదానికన్నా ఎక్కువ అవుతుంది. పగలు ఉద్యోగం చేసి రాత్రి రికార్డు చేసేవాళ్లకు సెలవు దొరకదు. ఎంతమంది అవకాశం కోసం కాచుకుని ఉన్నారో ఒక్క అంకెతో చెప్పొచ్చు: 2018లో స్పాటిఫై 'సౌండ్ అప్' పేరుతో, తెల్లజాతివాళ్లు కాని మహిళలకు వారం రోజుల శిక్షణ ప్రకటిస్తే, 10 సీట్లకు దాదాపు 18,000 దరఖాస్తులు వచ్చాయి. ఆ పది మంది మంచి ప్రారంభం అందుకున్నారు. మిగతావాళ్ల కోసం ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు.

నల్లజాతివాళ్లంతా ఒకటే కూడా కాదు. అమెరికాలో తరాలుగా ఉన్నవాళ్లు, హైతీ నుంచి, జమైకా నుంచి, నైజీరియా నుంచి వచ్చినవాళ్లు, ఆడవాళ్లు, స్వలింగ ప్రేమికులు, ఒక్కొక్కరి బాధ ఒక్కొక్క తీరు. 'ది రీడ్' హోస్టులిద్దరూ తాము క్వీర్ అని దాచకుండా మాట్లాడతారు. నల్లజాతి సమాజంలో అది చిన్న సంగతేమీ కాదు. అందుకే సభ లోపల సభ, ఆ సభ లోపల మళ్లీ ఇంకో చిన్న బల్ల. అది సహజం. ఎవరి దగ్గర మనసు విప్పగలరో మనిషి వెతుక్కుంటూనే ఉంటాడు.

చివరగా ఒక ఊరు. వర్జీనియాలోని రిచ్‌మండ్, బానిసత్వాన్ని నిలబెట్టడానికి అంతర్యుద్ధం చేసిన దక్షిణ రాష్ట్రాలకు ఒకప్పటి రాజధాని. ఆ యుద్ధ సేనాని రాబర్ట్ లీ భారీ విగ్రహం నూట ముప్పయ్యేళ్లు అక్కడి పెద్ద వీధిలో నిలబడి, 2021 సెప్టెంబరులో దిగింది. మరుసటి ఏడాది అదే ఊళ్లో, విశ్వవిద్యాలయపు సమకాలీన కళాసంస్థలో, రెజొనేట్ అనే పాడ్‌కాస్ట్ ఉత్సవం మొదలైంది. దాన్ని నడిపినవాడు చియోకే ఐఆన్సన్. తత్వశాస్త్రం చదివినవాడు, నల్లజాతివాడు. ఎన్‌పీఆర్ వినే లక్షల మందికి ఆయన పేరు తెలియకపోయినా గొంతు తెలుసు, స్పాన్సర్ల పేర్లు చదివిన గొంతుల్లో ఆయనది ఒకటి. రెజొనేట్‌కు తెల్లవాళ్లూ వస్తారు, నల్లవాళ్లూ వస్తారు, కొత్తగా మైకు కొన్న విద్యార్థులూ వస్తారు. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రమ్మనేది మాత్రం ఆయన.